ప్రక్క కుర్చీ

తెలుగు చలనచిత్ర పరిశ్రమకు మదరాసు పుట్టినిల్లయినచో హైదరాబాదు మెట్టినిల్లు. 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలసిన నాటికి రాళ్లును తుప్పలును దండిగా ఉండిన గుట్టల మీద నేడు జూబిలీహిల్సు, ఫిల్మ్‌నగర్ అను పేటలు విస్తరిల్లినవి. ఒక పేటకు పేటయే ఒక కళ పేర వ్యవహరింపబడుట అరుదైన విషయము. తెర మీద నర్తించువారు, వారికి నర్తనము నేర్పువారు, ఆ నర్తనమును కెమెరాలో బంధించువారు అచ్చట ఇరుగుపొరుగువారు. అయినను అదే నగరమున ఒక కూచిపూడి నృత్యనాటకమును కన్నులార చూడగోరు బడిపంతులుకు గాని, కళాశాల విద్యార్థికి గాని మొట్టమొదట ఎదురగు ప్రశ్న ఒక్కటే: కూర్చుండుట ఎక్కడ?

ఇది అల్పవిషయముగా తోపవచ్చును. కాని నాట్యము కంటితో అనుభవింపవలసిన కళ. కన్ను ఉన్నచోటును బట్టియే అనుభవము. ముందు వరుసలు ఆహూతులకు పోవును. నడిమి వరుసలు ముందుగా వచ్చినవారికో, ఎక్కువ ధర చెల్లించినవారికో దక్కును. జీతపు రాళ్లను లెక్క చూచుకొను ఉపాధ్యాయునకును, హాస్టలులో ఉండి చదువుకొను విద్యార్థికిని తరచుగా మిగులునది ప్రక్క కుర్చీ. అనగా రంగస్థలములో ఒక భాగము గోడ చాటునకో, స్తంభము చాటునకో, వాద్యబృందము చాటునకో పోగా, తక్కిన భాగము మాత్రమే కానవచ్చు ఆసనము. అట్టి కుర్చీని కోరి తీసికొనవచ్చునా? తీసికొనినచో ఏ నాట్యమునకు తీసికొనవలెను? ఆ కుర్చీని నిర్ణయింపవలసినది ప్రేక్షకుడా, నిర్వాహకుడా? ఈ మూడు ప్రశ్నలను ఈ వారము పరిశీలింతము.

మన పూర్వులకు ఈ చిక్కు ఇంతగా లేదు. కూచిపూడి భాగవతులు ఊరూర తిరిగి ఆడిన దినములలో కుర్చీలు లేవు, సంఖ్యలు లేవు. గుడిముందరనో, ఊరి నడిమి బయలుననో పందిరి వేసి ఆడెడివారు. జనము మూడు ప్రక్కల చాపలు పరచుకొని కూర్చుండెడివారు. దివిటీల వెలుగున వేషము ప్రవేశించునపుడు గుగ్గిలపు పొడి చల్లగా మంట భగ్గున లేచి పాత్ర ముఖము ఒక్క క్షణము ధగధగ మెరసెడిది. ఆటగాడు మూడు ప్రక్కలకును తిరిగి అభినయించెడివాడు. కనుక ఒకనికి ఎదురుగా ఉన్నది వేరొకనికి ప్రక్కగా ఉండెడిది. మరల కొంతసేపటికి ప్రక్కనున్నవానికి ఎదురయ్యెడిది. ఎవ్వరికిని సంపూర్ణదర్శనము లేదు, ఎవ్వరికిని శాశ్వతముగా లోటును లేదు. ఆ సమానత్వము ఆట పద్ధతిలోనే ఇమిడి ఉండినది.

అంతే కాదు. కొంత చూపి కొంత దాచుట మన నాట్యమునకు పుట్టుకతో వచ్చిన విద్య. సిద్ధేంద్రయోగి రచించినదని ప్రసిద్ధమైన భామాకలాపమును తలంచుకొనుడు. ఇరువురు మనుష్యులు ఒక తెర పట్టుకొని నిలుతురు. సత్యభామ తెర వెనుక ఉండును. ఆమె ముఖము కానరాదు. తెర మీదుగా ఆమె జడ వ్రేలాడును. తెర క్రింద గజ్జెకట్టిన పాదములు కదలును. ఆ జడయు ఆ పాదములును చూచియే సభ్యులు సాత్రాజితి గర్వమును, సౌందర్యమును ఊహించుకొందురు. వేదాంతం సత్యనారాయణ శర్మ వంటి నటుడు స్త్రీవేషము ధరించి ఆ జడను వేసినపుడు ప్రేక్షకులు తెర తొలగువరకును ఊపిరి బిగబట్టి చూచుట ఆ ఆటను ఎరిగినవారందరికిని తెలిసినదే. 2012లో ఆయన కన్నుమూసెను గాని ఆ తెర సంప్రదాయము నిలిచియే ఉన్నది. కావున సగము కానవచ్చుట తనంత తానుగా దోషము కాదు. దాచినది ఎవరు, ఎందుకు దాచిరి అనునదే ప్రశ్న. కవియు నటుడును దాచినచో అది కళ. గోడ దాచినచో అది లోటు.

ఆ లోటును శాస్త్రకారులు గుర్తింపకపోలేదు. నాట్యశాస్త్రము రెండవ అధ్యాయమున భరతముని నాట్యమండపములను వర్ణించెను. వికృష్టము, చతురస్రము, త్ర్యస్రము అని ఆకారములు మూడు. జ్యేష్ఠము, మధ్యమము, అవరము అని పరిమాణములు మూడు. మనుష్యులకు తగినది 64 హస్తముల పొడవును 32 హస్తముల వెడల్పును గల మధ్యమ మండపమే అని ఆయన నిర్ణయము. హస్తము అనగా సుమారు ఒకటిన్నర అడుగు. కనుక ఆ మండపము ఇంచుమించు 96 అడుగుల పొడవు, 48 అడుగుల వెడల్పు. అంతకు మించినచో పలికిన మాట స్పష్టముగా వినబడదనియు, ముఖమందలి భావము దృష్టికి అందదనియు ఆయన కారణము చెప్పెను. ప్రేక్షకుల పీఠములు ఇటుకలతోను కొయ్యతోను మెట్లవలె ఒకదానికన్న ఒకటి ఎత్తుగా ఉండవలెననియు విధించెను. ముందున్నవాని తల వెనుకనున్నవాని కంటికి అడ్డము రాకూడదన్న సంగతి నేటి వాస్తుశిల్పి క్రొత్తగా కనుగొన్నది కాదు.

నేటి నాట్యశాలలు వేరు. రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి సందర్భమున 1961లో హైదరాబాదున రవీంద్రభారతి ఏర్పడినది. ఆ పిమ్మట మాదాపురమున శిల్పకళావేదిక వచ్చినది. అందు ఒకేసారి 2,000 మందికి మించి కూర్చుండవచ్చును. అంతమందికి చోటు కల్పించుట హర్షణీయమే. కాని ఇరువది మీటర్లు దాటినచో నటుని ముఖమందలి సూక్ష్మభావము మనుష్యనేత్రమునకు అందుట కష్టమని నాట్యశాలలను నిర్మించువారు లెక్కగట్టుదురు. భరతుని లెక్కయు ఇంచుమించు అక్కడికే వచ్చుట గమనింపదగినది. 2010 డిసెంబరులో గచ్చిబౌలి క్రీడాప్రాంగణమున 2,800 మందికి మించిన నర్తకులు ఏకకాలమున కూచిపూడి తిల్లాన చేసిరి. అది గొప్ప సంరంభము. కాని ఆనాడు మెట్ల మీద కూర్చున్నవారు చూచినది ఒక మహాసమూహపు కదలికను మాత్రమే. ఒక్క నర్తకి కనుబొమ్మ కదలికను చూడవలెనన్న మరియొక చోటు వెదకికొనవలసినదే.

ఇచ్చట మన జనులకు సినిమా చేసిన అలవాటు ఒకటి పేర్కొనవలసియున్నది. సినిమాహాలులో తెరకు దగ్గరగా ఉన్న నేలటిక్కెట్టు చవుక. వెనుకనున్న బాల్కనీ ప్రియము. రంగస్థలము విషయమున ఈ లెక్క తలక్రిందులు. ముందు వరుస ప్రియము. వెనుక వరుస చవుక. కారణము సులభము. తెర మీది బొమ్మ మనుష్యునికన్న ఎన్నోరెట్లు పెద్దది. దానిని నిండుగా చూడవలెనన్న దూరము జరుగవలెను. రంగస్థలము మీది మనుష్యుడు మనుష్యప్రమాణమే. వానిని చూడవలెనన్న దగ్గరకు రావలెను. సినిమాకు అలవాటుపడిన విద్యార్థి నాట్యశాలకు వచ్చినపుడు చోటు ఖాళీగా ఉన్నను వెనుకకే పోయి కూర్చుండును. ముందరి కుర్చీ పెద్దవారిదను బెరుకు దీనికి తోడు. ఈ రెండింటిని వదల్చుట ఉపాధ్యాయుని పని.

సినిమా సంపూర్ణదర్శనమును ఇచ్చును, నాట్యశాల ఇయ్యదు అని వాదించువారు గలరు. ఈ వాదము నిలువదు. ఫిల్మ్‌నగర్ పరిసరములలోని స్టూడియోలలో సెట్టు వేయుటను చూచినవారికి తెలియును: కెమెరా చూచు గోడయే గోడ, దాని వెనుక కర్రలును మేకులును ఉండును. నర్తకి పాదము వేయుచుండగా దర్శకుడు ముఖమును చూపినచో ఆ పాదము లోకమున ఎవ్వరికిని కానరాదు. అనగా సినిమాలో అందరిదియు సగము దర్శనమే. కాకపోయిన అందరికిని ఒకే సగము. ఆ సగమును ఎన్నుటలోనే దర్శకుని ప్రతిభ ఉన్నది. కూచిపూడి వంశీకులగు వేదాంతం రాఘవయ్య 1953లో 'దేవదాసు'ను తీర్చిదిద్దిరి. పసుమర్తి కృష్ణమూర్తి 1957 నాటి 'మాయాబజారు'నకు నృత్యములు కూర్చిరి. బయలున మూడు ప్రక్కలకు తిరిగి ఆడిన సంప్రదాయమునుండి వచ్చిన అట్టివారు కెమెరా ఒక్క కంటికి సరిపడునట్లు నాట్యమును మలచుట సామాన్యమైన పని కాదు. కాని ఆ ఎంపిక వారిది. నాట్యశాలలో ఏది చూడవలెనో ఎన్నుకొనుట ప్రేక్షకునిది. ఆ స్వాతంత్ర్యము కొరకే మనము నాట్యశాలకు పోవలెను.

పాశ్చాత్యుల బాలేకును మనకును ఒక వింత బంధుత్వము కలదు. 1877లో సెయింట్ పీటర్సుబర్గు నగరమున మారియస్ పెటిపా అను నాట్యాచార్యుడు 'లా బయదేర్' అను బాలేను ప్రదర్శించెను. సంగీతము లుడ్విగ్ మింకుస్‌ది. బయదేర్ అనగా దేవదాసి. కథ భారతదేశమున జరుగును. అందులోని రాజు గోలకొండ రాజు! ఫిల్మ్‌నగర్ గుట్ట మీద నిలిచి దక్షిణముగా చూచినవారికి దూరములేని ఆ దుర్గమును ఎన్నడును చూడని రష్యనులు దానిని రంగస్థలము మీద కట్టుకొనిరి. దేవదాసి నికియా, యోధుడు సోలోర్, రాజకుమార్తె గంజత్తి — వీరి నడుమ ప్రణయమును ద్రోహమును ఆ కథకు వస్తువు. పూలబుట్టలో దాచిన పాముకాటున నికియా మరణించును. సోలోర్ కలలో ఛాయాలోకమును చూచును. శ్వేతాంబరధారిణులగు నర్తకులు 24 మందియో 32 మందియో ఒకరి వెనుక ఒకరుగా, వెనుకనున్న ఏటవాలు వంతెన మీదుగా, ఒకే అడుగును మరల మరల వేయుచు దిగివత్తురు.

ఈ ఘట్టము ప్రక్క కుర్చీకి గట్టి పరీక్ష. వంతెన ఏ మూల ఉన్నదో ఆ మూల కనబడని కుర్చీలో కూర్చున్నవానికి నర్తకులు ఎచ్చటినుండి వచ్చుచున్నారో తెలియదు. గోడ చాటునుండి ఒక్కొక్కరే ఊడిపడినట్లు తోచును. ఎదుటి ప్రక్క కూర్చున్నవానికి వంతెన అంతయు కనబడును. పై అంతస్తున నడుమ కూర్చున్నవానికి, టిక్కెట్టు చవుకయే అయినను, ఆ తెల్లని వరుస నదివలె వంపులు తిరుగుట అందరికన్న బాగుగా కనబడును. అనగా ఒకే ధరకు దొరకు మూడు కుర్చీలలో మూడు వేర్వేరు బాలేలు ఉన్నవి. లండనులోను, పారిసులోను, అమెరికాలోను చదువుకొనుచున్న మన విద్యార్థులు చవుక టిక్కెట్టు కొనుటకు ముందు ఈ సంగతి ఆలోచించుట మంచిది.

ఆ దేశముల పాత నాట్యశాలలు గుర్రపులాడపు ఆకారమున కట్టినవి. లండనులో కోవెంట్ గార్డెను నాట్యశాల 1858 నాటిది. పారిసులో గార్నియే నాట్యశాల 1875 నాటిది. లాడము కొసలయందున్న గదులు రంగస్థలమునకు దగ్గరే గాని, సూటిగా చూచినచో ఎదుటి గదిలోని మనుష్యులే కనబడుదురు. రంగస్థలము చూడవలెనన్న మెడ త్రిప్పవలెను. నాటి ప్రభువులు తాము చూచుటకు ఎంత వచ్చిరో తమ్ము ఇతరులు చూచుటకు అంత వచ్చిరి. దీనిని నిరసించి వాగ్నరు 1876లో బైరాయిత్‌న ప్రక్క గదులు లేకుండ, విసనకర్ర ఆకారమున, ఎల్లరును రంగస్థలమునకు అభిముఖముగా కూర్చుండునట్లు నాట్యశాలను కట్టించెను. అయినను లాడపు నాట్యశాలలు పోలేదు. అవి చేసిన మంచి పని ఒకటి కలదు: ఏ కుర్చీనుండి రంగస్థలము పూర్తిగా కానరాదో ఆ సంగతిని టిక్కెట్టు అమ్మునపుడే తెలిపి, ధర తగ్గించి అమ్ముట. కొనువాడు తెలిసి కొనును. తెలిసి కొన్నవానికి ఫిర్యాదు లేదు.

ఇక మన నాట్యశాలలో ఎట్లు ఎన్నుకొనవలెను? మొదట చూడవలసినది, నర్తించువారు ఒకరా, పలువురా అనునది. ఒక్క నర్తకి పదమును గాని అష్టపదిని గాని అభినయించునపుడు రసమంతయు ముఖమునందును చేతులయందును ఉండును. అప్పుడు దూరపు నడిమి కుర్చీకన్న దగ్గరి ప్రక్క కుర్చీయే మేలు. నర్తకి ఒంటరిగా ఉండుటచే రంగము మధ్యభాగముననే ఎక్కువగా నిలుచును; మూలలు కానరాకున్నను నష్టము స్వల్పము. పలువురు నర్తించు నృత్యనాటకమునకు ఇది వర్తింపదు. వెంపటి చినసత్యం 1963లో మదరాసున కూచిపూడి ఆర్టు అకాడమీని స్థాపించి, వీధిలో ఆడిన కళను నాట్యశాలకు అనువుగా తీర్చిరి. ఆయన నృత్యనాటకములలో సమూహపు అమరికకు ప్రాధాన్యము హెచ్చు. 'క్షీరసాగరమథనము' వంటి కథను అతి ప్రక్కనుండి చూచువానికి ఒక పక్షమే కనబడి రెండవ పక్షము మరుగున పడినచో, అమృతము కొరకు దేవతలు ఒంటరిగా శ్రమించిరని భ్రమ కలుగును! అట్టిచోట వెనుకకు జరిగినను నడుమనే కూర్చుండుట మేలు.

రెండవది, వాద్యబృందము ఏ ప్రక్క కూర్చుండునో తెలిసికొనుట. నట్టువాంగము చేయువారు, గాయకులు, మృదంగ వేణు వయొలిను విద్వాంసులు నేడు రంగస్థలము మీద ఒక ప్రక్కను కూర్చుందురు. వారున్న ప్రక్కనే సభలో కొసకు కూర్చున్నవానికి వారి వీపులును వాద్యములును అడ్డమగును. ఎదుటి ప్రక్క కూర్చున్నవానికి నర్తకియు కనబడును, ఆమె అడుగునకు తాళము కలుపు నట్టువాంగపు చేయియు కనబడును. రంగస్థలపు చట్రము అతనినుండి దాచునది తన ప్రక్క వెనుక మూలను మాత్రమే. కనుక ప్రక్క కుర్చీ తప్పనిదైనచో వాద్యబృందమునకు ఎదుటి ప్రక్కను కోరవలెను. ద్వారమువద్ద ఒక్క మాట అడిగినచో తెలియు సంగతి ఇది.

మూడవది, ఎత్తు. తరంగమున నర్తకి ఇత్తడి పళ్లెము అంచుల మీద నిలిచి నర్తించును. నేల మట్టముగా ఉన్న సభలో పదవ వరుసవానికి కానవచ్చునది నర్తకి నడుము వరకే. పళ్లెమును ముందువారి తలలు మ్రింగివేయును. సింహనందినియందు నర్తకి నేల మీద పరచిన వస్త్రముపై రంగుపొడిలో పాదములతో సింహము బొమ్మను గీయును. ఆ బొమ్మ రూపుదాల్చుటను చూడవలెనన్న పైనుండియే చూడవలెను. గీత పూర్తియైన పిదప వస్త్రమును ఎత్తి చూపుదురు గాని, అది ఫలితమును చూచుటయే గాని క్రియను చూచుట గాదు. ఇట్టి ప్రదర్శనములకు ఎక్కువ గౌరవముగల ముందరి సోఫా కన్న మేడమీది చివరి బల్లయే ఉత్తమాసనము. ధర ఎక్కువైన కుర్చీయే మంచి కుర్చీ అను నమ్మకము నాట్యము విషయమున తరచుగా తప్పగును.

నాలుగవది, నాట్యపు స్వభావము. కాకతి గణపతిదేవుని గజసేనానియగు జాయపసేనాని 13వ శతాబ్దిమధ్యమున 'నృత్తరత్నావళి'ని రచించెను. అందు వర్ణితమైన పేరిణిని, 1213 నాటి రామప్పగుడి శిల్పములను ఆధారము చేసికొని, నటరాజ రామకృష్ణ మన కాలమున పునరుద్ధరించిరి. ఆ తాండవము మృదంగధ్వనితోను పాదఘాతముతోను ఒడలిని తాకును. దానికి దగ్గర ప్రధానము, కోణము అప్రధానము. సురభివారి నాటకము దీనికి విరుద్ధము. 1885లో కడప సీమలో పుట్టిన ఆ నాటక సమాజము మాయలకును గగనయానములకును పేరుపొందినది. అతి ప్రక్కనుండి చూచువానికి తీగలు కానవచ్చి మాయ తొలగును. మాయను కోరువాడు ఎదురుగా కూర్చుండవలెను. మాయ ఎట్లు జరుగునో తెలియగోరు విద్యార్థి ప్రక్కనే కూర్చుండవలెను.

ఈ చివరిమాట మేము వినోదమునకు వ్రాసినది కాదు. ప్రక్క కుర్చీ కొన్ని సంగతులను దాచినను, ఎదుటి కుర్చీ దాచు సంగతులను కొన్నింటిని అది చూపును. ప్రవేశమునకు ముందు నర్తకి తెరవారగా నిలిచి శ్వాసను కుదుర్చుకొనుట, గజ్జెలను ఒకసారి సరిచూచుకొనుట, నట్టువాంగమువారి కన్నును తన కన్నుతో కలుపుట — ఇవి ప్రక్కవానికే దక్కును. ఎదురుగా చూచినపుడు చదునుగా తోచు మండి, ప్రక్కనుండి చూచినపుడు మోకాలి వంపును వెన్ను నిలువును స్పష్టము చేయును. నాట్యము నేర్చుకొను బాలికకు ఇంతకన్న మంచి పాఠము లేదు. ఒకే నృత్యనాటకము రెండు దినములు ఆడినచో ఒకనాడు ఎడమను, ఒకనాడు కుడిని కూర్చుండుట ఒకేచోట రెండుసార్లు కూర్చుండుటకన్న లాభము.

సగము చూచుటకన్న అసలు చూడకుండుటయే మేలు, ఇంటిలో టెలివిజనులోనో చేతిలోని ఫోనులోనో నిండుగా చూడవచ్చును గదా అనువారు గలరు. ఇందు కొంత సత్యమున్నది. రంగస్థలములో మూడువంతులు కానరాని చోట కూర్చుండబెట్టి డబ్బు పుచ్చుకొనుట దోపిడి. కాని మూడువంతులు కనబడి ఒక వంతు కానరాని కుర్చీని చవుకగా కొని, గజ్జెల సవ్వడిని ఎదుట విని, నర్తకితోపాటు వేయిమంది ఒక్కసారి నిశ్శబ్దమగుటను అనుభవించిన విద్యార్థి పొందునది ఫోనులో దొరకునది కాదు. చెలమయ్య ఎండినదని ఏటికి పోవుట మానుదుమా? లోపమున్న దర్శనము దర్శనమే. ధర భరింపలేక ఇంటనే నిలిచిపోయినవారికి దర్శనమే లేదు. కనుక తెలిసి ఎన్నుకొన్న ప్రక్క కుర్చీని మేము సమర్థించుచున్నాము.

తెలియనీయకుండ అంటగట్టిన ప్రక్క కుర్చీని మాత్రము సమర్థింపజాలము. మన సభలలో జరుగుచున్నది తరచుగా ఇదియే. ప్రవేశము ఉచితమని ప్రకటింతురు. ఉపాధ్యాయుడు పిల్లలను వెంటబెట్టుకొని గంట ముందుగా వచ్చును. ముందరి నాలుగైదు వరుసలకు త్రాళ్లు కట్టియుండును. అవి ఆహూతులకు. ఆహూతులలో సగముమంది రారు. వచ్చినవారిలో కొందరు సన్మానము ముగిసినంతనే లేచిపోదురు. ఖాళీ సోఫాల మీదుగా పిల్లలు మెడలు చాచి చూతురు. ఇంతలో నడిమి దారిలో వీడియో కెమెరా ముక్కాలిపీట వెలయును. దాని వెనుకనున్నవారికి నర్తకి తలయే లేదు. మిగిలిన చూపును ముందువారు ఎత్తిన ఫోనులు కప్పివేయును. శిల్పి కట్టిన గోడ వలన కలిగిన అడ్డమునకు మందు లేదు. మనుష్యులు కల్పించిన ఈ అడ్డములకు మందు మనుష్యుల చేతిలోనే ఉన్నది.

నిర్వాహకులకు మేము చేయు సూచనలు స్వల్పములు, ఖర్చు లేనివి. ఒకటి: టిక్కెట్టు మీదనో ప్రవేశపత్రము మీదనో ఆ కుర్చీనుండి రంగస్థలములో ఏ భాగము కానరాదో ఒక్క పంక్తిలో అచ్చువేయుడు. రెండు: అట్టి కుర్చీలకు ధర తగ్గించి, ఆ తగ్గింపు మొదట ఉపాధ్యాయులకును విద్యార్థులకును చెందునట్లు చూడుడు. మూడు: ఆహూతులకు నిలిపిన వరుసలు తొలి అంశము మొదలగునంతలో నిండనిచో త్రాళ్లు విప్పి, ప్రక్కనున్న పిల్లలను నడుమకు పిలువుడు. నాలుగు: కెమెరాలను చివరి వరుస వెనుకకో మేడమీదకో పంపుడు. అయిదు: సన్మానములును ఉపన్యాసములును నృత్యమునకు పిమ్మట పెట్టుడు. బంజారాహిల్సులోని లామకాన్ 2010 నుండి బండరాళ్ల చెంత చిన్న ఆరుబయట మెట్ల మీద జనమును కూర్చుండబెట్టి ప్రదర్శనలు జరుపుచున్నది. ఆడంబరము లేకుండ కళను దగ్గరగా చూపవచ్చుననుటకు అది నిదర్శనము.

చలనచిత్ర ప్రముఖులకును ఒక విన్నపము. కె. విశ్వనాథ్ 'సాగరసంగమము' (1983), 'స్వర్ణకమలము' (1988) వంటి చిత్రములతో శాస్త్రీయనాట్యమును సామాన్యుని ఇంటికి తెచ్చిరి. ఆ చిత్రములు చూచియే నాట్యముపై మనసుపడిన తరమొకటి ఉన్నది. జూబిలీహిల్సు, ఫిల్మ్‌నగర్ పేటలలోని ప్రముఖులు తమకు వచ్చిన ముందు వరుస ఆహ్వానములను, తాము పోలేనినాడు, దగ్గరి ప్రభుత్వ పాఠశాలకు పంపినచో అది చిన్న దానమే. కాని పొందిన పిల్లవానికి చిన్నది కాదు.

ఉపాధ్యాయులకు మా మాట ఇది. పిల్లలను నాట్యశాలకు తీసికొనిపోవుటకు ముందునాడు తరగతిలో కథ చెప్పుడు. పారిజాతాపహరణమో, ఉషాపరిణయమో, ప్రహ్లాదచరిత్రమో — కథ తెలిసిన పిల్లవానికి గోడచాటున జరిగినది మనస్సులో కానవచ్చును. మన పూర్వప్రేక్షకులు దివిటీ వెలుగున, దూరముగా, జనము నడుమ కూర్చుండి ఆనందించుటకు కారణము వారి కన్నుల పదును కాదు. కథ వారికి కంఠస్థము. ముద్రలలో పదింటిని నేర్పుడు. ఏ చేయి పుష్పము, ఏ చేయి బాణము, ఏ చేయి నెలవంక అని తెలిసినచో ఒక్క చేయి కనబడినను అర్థమగును. మరునాడు తరగతిలో ఎడమ ప్రక్క కూర్చున్నవారిని, కుడి ప్రక్క కూర్చున్నవారిని, మేడమీది వారిని వేర్వేరుగా పిలిచి ఏమి చూచితిరని అడుగుడు. మూడు సమాధానములను కలిపినచో ఒక నృత్యనాటకము తరగతి గదిలో మరల రూపుదాల్చును. ఒకరు చూచినది వేరొకరికి చెప్పి నింపుకొనుటకన్న గొప్ప చదువు ఏమున్నది?

రాబోవు పాఠశాల సెలవులలో నాట్యప్రదర్శనములు అనేకము జరుగగలవు. ద్వారమువద్ద నిలిచి, వాద్యబృందము ఏ ప్రక్కననియు, మేడమీద చోటున్నదా అనియు, ముందరి త్రాళ్లు ఎప్పుడు విప్పుదురనియు అడుగుటకు ఉపాధ్యాయులు జంకవలసిన పని లేదు. పిల్లలకు కళను చూపుటకు వచ్చినవారు ఆ సభకు అసలైన ఆహూతులు. వారిని ప్రక్కకు నెట్టి కూర్చుండబెట్టు నిర్వాహకులు రేపటి ప్రేక్షకులను నేడే పోగొట్టుకొనుచున్నారని మేము హెచ్చరించుచున్నాము.